మన ఊళ్ల రోజువారీ బతుకు మీద పియానో పాటలు: వినేవాళ్లు, కట్టేవాళ్లు రండి

ఇన్నీసుపేట కుర్రాడు (రాజమండ్రి) · ఆదివారం రాత్రి 10:20

అందరికీ నమస్కారం. నేను తాడితోట హోల్‌సేల్ బట్టల మార్కెట్‌లో ఒక షాపులో బిల్లులు రాస్తాను. రాత్రిపూట కీబోర్డ్ వాయిస్తూ పాటలు కట్టుకుంటాను. కొంతకాలంగా జాజ్ రుచి ఉన్న పాప్ పాటలు తప్ప ఇంకేమీ వినబుద్ధి కావడం లేదు. ముఖ్యంగా పియానో ముందు కూర్చుని, తమ పాట తామే రాసుకుని పాడేవాళ్లవి. నోరా జోన్స్‌తో మొదలైంది. రవిశంకర్ గారి అమ్మాయి కదా, సితార్ వినిపిస్తుందేమో అనుకున్నాను. అదేమీ లేదు. నెమ్మదిగా పియానో, వెనక డ్రమ్ము మీద బ్రష్షులు, అరవని గొంతు. అంతే. కానీ రాత్రి ఆ పాట విన్నాక వీధిలోకి వస్తే మా వీధే కొత్తగా కనిపించింది.

అలాంటి పాట మన ఊళ్ల మీద తెలుగులో కట్టాలని ఉంది. పల్లవి ఇలా వచ్చింది:

గోదారి అలల మీద వెన్నెల పరిచింది
కొబ్బరాకు గాలిలో నీ పేరు వినిపించింది
ఈ రేవు, ఈ పడవ, ఈ రాత్రి మనదే
నువ్వు లేని తీరాన నేనున్నా ఒంటరినే

ఎలా ఉందో మొహమాటం లేకుండా చెప్పండి. ఇంకా ఎవరెవరిని వినాలో కూడా చెప్పండి.

---

తణుకు నుంచి జెర్సీ · ఆదివారం రాత్రి 11:05

తమ్ముడూ, మంచి దారిలో పడ్డావు. నోరా గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళ్తాను. ఆమె పెరిగింది టెక్సాస్‌లో. జాజ్ పియానో చదువు మధ్యలో ఆపి 1999లో న్యూయార్క్ వచ్చింది. హోటల్లో వడ్డిస్తూ, రాత్రిళ్లు చిన్న చిన్న చోట్ల పాడేది. 2002లో వచ్చిన 'కమ్ అవే విత్ మీ' ఆల్బమ్‌తో ప్రపంచమంతా తెలిసింది. అందులో అందరి నోళ్లలో నానిన 'డోంట్ నో వై' పాట రాసింది ఆమె కాదు, జెస్సీ హారిస్ అనే గిటారిస్టు. ఆల్బమ్ పేరుతో ఉన్న పాట మాత్రం ఆమె సొంతం. రెండూ పక్కపక్కన పెట్టుకుని విను.

నువ్వు అడిగిన దానికి అసలు పాఠం బిల్లీ జోయెల్ దగ్గర ఉంది. 1972లో లాస్ ఏంజెలెస్‌లో ఎగ్జిక్యూటివ్ రూమ్ అనే బార్‌లో, బిల్ మార్టిన్ అని పేరు మార్చుకుని కొన్ని నెలలు పియానో వాయించాడు. అక్కడికి రోజూ వచ్చే మనుషులే మరుసటి ఏడాది 'పియానో మ్యాన్' పాటలోకి వచ్చారు. మందు పోసే అతను, స్థలాల వ్యాపారం చేస్తూ నవల రాద్దామనుకునే ఆయన, నౌకాదళం కుర్రాడు, వడ్డించే అమ్మాయి. ఒక్కొక్కరికీ ఒకటి రెండు లైన్లే. ఆ ఊరు ఎంత అందంగా ఉందో ఎక్కడా చెప్పడు. ఆ గదిలో ఎవరు కూర్చున్నారు, ఇంకెక్కడ ఉంటే బాగుండుననుకుంటున్నారు, అదే పాట.

నాకు ప్రాణంతో సమానం మాత్రం లారా నైరో. మన వైపు ఈ పేరు ఎవరూ తలవరు, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను. 1947లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో పుట్టింది. నాన్న పియానోలు శ్రుతి చేసేవాడు, ట్రంపెట్ కూడా వాయించేవాడు. స్కూలు రోజుల్లో సబ్‌వే స్టేషన్లలో నిలబడి తోటివాళ్లతో కలిసి గొంతులు కలిపి పాడేది. ఆ స్టేషన్ గోడల ప్రతిధ్వని ఆమె పాటల్లో ఇప్పటికీ ఉంటుంది. 1969 నాటి 'న్యూయార్క్ టెండబెర్రీ' చీకట్లో విను. చాలాచోట్ల పియానో, గొంతు మాత్రమే. ఉన్నట్టుండి ఆగిపోతుంది, మళ్లీ పరుగెత్తుతుంది. స్టూడియోలో వాద్యకారులకు రంగుల పేర్లతో వివరించేదట, ఇక్కడ ఈ రంగు కావాలి అని. ఆమె రాసిన పాటలు ఫిఫ్త్ డైమెన్షన్ లాంటి బృందాలు పాడితే పెద్ద హిట్లు అయ్యాయి. ఆమె గొంతుతో అమెరికా టాప్ 100లోకి వెళ్లింది ఒకే ఒక్క పాట, 'అప్ ఆన్ ద రూఫ్', అదీ ఆమె రాసింది కాదు. కేరోల్ కింగ్ బాణీ, జెర్రీ గోఫిన్ మాటలు. వీధిలో జనం, గోల భరించలేక మెట్లెక్కి మేడ మీదికి వెళ్లి ఊపిరి పీల్చుకోవడం గురించి. 1962లో డ్రిఫ్టర్స్ మొదట పాడారు. మేడ మీదికి వెళ్లి ఊపిరి పీల్చుకోని మనిషి మన ఊళ్లలో మాత్రం ఎవరున్నారు?

---

కాకినాడ కీబోర్డ్ మేడమ్ · సోమవారం ఉదయం 6:45

బాబూ, మొహమాటం వద్దన్నావు కాబట్టి చెబుతున్నాను. నీ నాలుగు లైన్లు వినసొంపుగా ఉన్నాయి, ప్రాసా కుదిరింది. కానీ అవి ఎవరైనా రాయగలరు. గోదావరి ఎప్పుడూ చూడనివాళ్లు కూడా రాయగలరు. తాడితోటలో బిల్లులు రాసే మనిషి మాత్రమే రాయగలిగింది అందులో ఒక్కటీ లేదు.

శనివారం షాపులో నువ్వు చూసిన ఏదైనా ఒక సంగతి ఇక్కడ వచనంలో రాయి. పాటలా వద్దు. మామూలుగా రాయి.

---

భీమవరం డ్రమ్స్ · సోమవారం ఉదయం 8:10

మేడమ్ గారి మాటే నాదీ. మనది పెద్ద సిటీ కాదు కదా, న్యూయార్క్ వాళ్లలాగా మనకేం పాటలుంటాయి అని కొందరు అనుకుంటారు. నేను ఒప్పుకోను. భీమవరం రాత్రి ఒకసారి వినండి. ఊరు దాటగానే రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు తిరుగుతూ ఉంటాయి. నీళ్లు కొట్టే ఆ చప్పుడు తెల్లవారేదాకా ఆగదు. ఒక్కో చెరువుదీ ఒక్కో వేగం. రెండు చెరువుల మధ్య గట్టు మీద నిలబడితే రెండు లయలు కలుస్తూ విడిపోతూ ఉంటాయి. నేను క్రాస్ రిథమ్ నేర్చుకుంది అక్కడే. ఐసు ఫ్యాక్టరీ దగ్గర దిమ్మలు జారే శబ్దం, తెల్లవారుజామున రొయ్యల పొట్టు తీసే పీలింగ్ షెడ్లకు ఆడవాళ్లను తీసుకెళ్లే వ్యాన్లు, అందులో సగం నిద్రలో ఉన్న మొహాలు. కరెంటు పోతే చెరువులో ఆక్సిజన్ తగ్గుతుంది, రైతు టార్చి పట్టుకుని జనరేటర్ దగ్గరికి పరుగెత్తుతాడు. వీటి మీద ఒక్క పాట చూపించండి. కొబ్బరిచెట్ల మీద మాత్రం వందలున్నాయి.

---

నిడదవోలు రేడియో · సోమవారం మధ్యాహ్నం 2:30

పిల్లలూ, ఈ చర్చ చూసి సంతోషం కలిగింది. నేను పాతకాలం శ్రోతను. తెలుగులో పియానో అంటే మా తరానికి గుర్తొచ్చేది ఒకటే: సినిమాలో పెద్ద బంగళా, పుట్టినరోజు వేడుక, సూటు వేసుకున్న హీరో పియానో ముందు కూర్చుని పాడుతుంటే మెట్ల మీద హీరోయిన్ కళ్లు తుడుచుకోవడం. సాలూరి రాజేశ్వరరావు గారు అలాంటి పాటలను అమృతంలా చేసి ఇచ్చారు. అయితే దానివల్ల పియానో డబ్బున్నవాళ్ల ఇంటి వస్తువైపోయింది. బజారు మనిషి పాటలోకి అది రాలేదు.

తన పాట తానే రాసి, బాణీ కట్టి, పాడటం మనకేమీ కొత్త కాదు. మా నిడదవోలులో 1920లో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు గారు చేసిందల్లా అదే. 1947 ఆగస్టు 15న మద్రాసు రేడియోలో టంగుటూరి సూర్యకుమారి గారు పాడిన స్వాతంత్ర్య గీతానికి మాటా, బాణీ రెండూ ఆయనవే. మన వాగ్గేయకారుల చరిత్ర రాసి 1961లో సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్నదీ ఆయనే. విజయవాడ కేంద్రం 1948లో మొదలైన తర్వాత లలిత సంగీతం మన ఇళ్లలోకి వచ్చింది. 'ఈ మాసపు పాట' అని ఒక్కో పాటను నెలపాటు వినిపించేవారు. వంటింట్లో ఆడవాళ్లు దానితో కలిసి పాడేవారు.

కాబట్టి నా మాట ఏమిటంటే, పియానో కోసం ఎందుకు తాపత్రయం? హార్మోనియం ఉంది. అది మన గొంతుకు తెలిసిన వాద్యం.

---

కోనసీమ క్వాయర్ (అమలాపురం) · సోమవారం రాత్రి 9:15

రేడియో మాస్టారికి నమస్కారం. నేను చర్చిలో ఆదివారాలు కీబోర్డ్ వాయిస్తాను. మా నాన్నగారు హార్మోనియం వాయించేవారు. రెండూ చేత్తో ఎరిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నానండి. హార్మోనియం స్వరం నొక్కి ఉంచినంతసేపూ నిలుస్తుంది. గాయకుడు ఎటు వెళ్తే అటు వెంట వెళ్తుంది. కీర్తనకు అదే కావాలి. పియానో స్వరం నొక్కిన క్షణం నుంచే తగ్గిపోతూ ఉంటుంది. ఆ తగ్గే చోట ఖాళీ వస్తుంది. గొంతు పెంచకుండా, ఒక సంగతి చెప్పినట్టు పాడాలంటే ఆ ఖాళీ ఉండాలి. లారా నైరో పాట ఆగిపోతుందని జెర్సీ అన్నయ్య అన్నది చూశారా, హార్మోనియంతో ఆ ఆగడం అలా రాదు.

ఇంకో సంగతి. స్వరాల కూర్పు, అంటే కార్డ్స్, మన డెల్టాలో సామాన్యుడి చెవికి చేరింది సినిమా కంటే ముందు చర్చిలోనే అని నా నమ్మకం. కాకినాడలో కెనడియన్ బాప్టిస్టు మిషన్, రాజమండ్రిలో లూథరన్ మిషన్ ఉన్న రోజుల నుంచి సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అని నాలుగు గొంతులు విడదీసి పాడటం అలవాటైంది. ఆ చర్చి పాటల పుస్తకంలోనే ఉన్న పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు రాగంలో పాడతాం. ఒకే ఉదయం, ఒకే బల్ల మీద కూర్చుని రెండూ పాడే పిల్లలకు జాజ్ హార్మొనీ వింతగా అనిపించదు. మా క్వాయర్‌లో టెనర్ పాడేది ఒక ఆటో డ్రైవరు. సెవెన్త్ కార్డ్ పెట్టగానే తలెత్తి చూస్తాడు.

---

నిడదవోలు రేడియో · సోమవారం రాత్రి 10:00

ఖాళీ గురించి నువ్వు చెప్పింది ఆలోచించదగ్గదే నాయనా. అయినా హార్మోనియం మీద నా ఇష్టం నాదే.

---

ఇన్నీసుపేట కుర్రాడు · సోమవారం రాత్రి 11:30

అందరికీ పేరుపేరునా థాంక్స్ అండి. మేడమ్ గారూ, శనివారం సంగతి రాస్తున్నాను.

రాత్రి తొమ్మిదికి షట్టరు సగం దించుతాం. పూర్తిగా దించితే ఎవరూ రారని సేటు గారి భయం. దించకపోతే తనిఖీకి ఎవరైనా వస్తారని భయం. ఆ సగం షట్టరు కిందినుంచి వంగి ఒకావిడ వచ్చారు. లంక గ్రామాల్లో ఇంటింటికీ తిరిగి చీరలు అమ్ముతారు. సైకిల్ మీద వెళ్లే భర్త ఇప్పుడు లేరు. చీర మడతలో చేయి పెట్టి నూలు చూశారు. వేలితో తడిమితే చాలు, ఆవిడకు ధర తెలిసిపోతుంది. ఇరవై చీరలు తీసుకుని సగం డబ్బు ఇచ్చి, మిగతాది పై వారం ఇస్తానండి అన్నారు. సేటు గారు నా వైపు చూశారు. నేను ఖాతా పుస్తకంలో ఆవిడ పేరు రాసి అంకె వేశాను. అంకె కింద గీత గీస్తే లెక్క ముగిసినట్టు. గీయలేదు. మూట ఆటోలో పెట్టడానికి నేనే వెళ్లాను. ఆఖరి బస్సు అందిందో లేదో తెలియదు.

---

కాకినాడ కీబోర్డ్ మేడమ్ · మంగళవారం ఉదయం 6:20

బాబూ, నీ పాట అదే. ఒక్క మాట కలపకు. గీత గీయలేదు అన్నచోట నాకు గుండె బరువెక్కింది.

---

పాలకొల్లు తెలుగు మాస్టారు · మంగళవారం సాయంత్రం 5:40

కాలేజీ నుంచి వచ్చి చదివాను. ఛందస్సు మనిషిని కాబట్టి నాకు తోచింది చెబుతాను, ఈ కుర్రాడికి పనికొస్తుంది.

జాజ్‌లో స్వింగ్ అంటారు కదా. ఒక దెబ్బను సమానంగా రెండుగా కొయ్యరు. మూడు పాళ్లు చేసి రెండు పాళ్లు ముందు స్వరానికి, ఒక పాలు వెనక స్వరానికి ఇస్తారు. దీర్ఘం, హ్రస్వం. మన లెక్కలో గురువు, లఘువు. అంటే హ గణం. మూడు లఘువులు వస్తే న గణం. ఈ రెండే సూర్యగణాలు, రెండూ మూడేసి మాత్రలు. ఆటవెలదిలోనూ తేటగీతిలోనూ మనం చిన్నప్పటినుంచి నోటికి పట్టించుకున్న నడకలో ఇవి ఉన్నాయి. తెలుగుకు స్వింగ్ అతకదని ఎవరన్నా అంటే నమ్మకు. తిశ్రంలో నడిచే జానపదాలు మన పొలాల్లో ఎన్ని లేవు!

అతకని చోటు వేరే ఉంది. ఇంగ్లీషులో గాయకుడు ఒక అక్షరాన్ని ఎంతైనా సాగదీయవచ్చు. తెలుగులో హ్రస్వాన్ని సాగదీస్తే మాట మారిపోతుంది, ఒక్కోసారి అర్థమే మారుతుంది. కాబట్టి సాగదీయాలనుకున్నచోట దీర్ఘం పడేట్టు మాట ఎంచుకో. 'మూట', 'గీత', 'చీర', 'వేశాను', ఇవన్నీ నీ సంగతిలోనే ఉన్నాయి చూడు. బజారు నీకు దీర్ఘాలు ఇచ్చింది.

---

ఇన్నీసుపేట కుర్రాడు · మంగళవారం రాత్రి 11:50

మాస్టారూ, మీరు చెప్పాక హ గణం చేత్తో కొట్టుకుంటూ రాశాను. ఇదండీ:

తాడితోటలో తొమ్మిదైంది, షట్టరు సగం దించాము
చీర మడతలో చేయి పెట్టి నూలు చూసిందామె
'పై వారం ఇస్తానండి ఆయ్' అంటే పేరు రాశాను
పేరు పక్కన అంకె వేశాను, కింద గీత గీయలేదు

మూడో లైన్లో 'ఆయ్' ఉంచాలా తీసేయాలా అని టెన్షన్‌గా ఉంది. ఆవిడ అలాగే అన్నారు. కానీ పాటలో వింటే జనం నవ్వుతారేమో.

---

భీమవరం డ్రమ్స్ · బుధవారం ఉదయం 7:30

ఉంచు. సినిమాల్లో మన మాటను నవ్వించడానికి వాడీ వాడీ, మనమే దాన్ని నలుగురిలో దాచుకునే స్థితికి తెచ్చుకున్నాం. హైదరాబాద్ హాస్టల్లో ఉన్నన్నాళ్లూ నేను 'ఆయ్' మింగేసి మాట్లాడాను. ఇప్పటికీ అది తలుచుకుంటే కోపం వస్తుంది. అప్పు అడిగే మనిషి నోట, గౌరవంగా, మెల్లగా ఆ మాట వస్తే ఎవరు నవ్వుతారు? నవ్వనివ్వు. రెండోసారి విన్నప్పుడు నవ్వరు.

---

కోనసీమ క్వాయర్ · బుధవారం ఉదయం 9:00

నాదీ అదే మాట. ఆ 'ఆయ్' దగ్గర పియానో ఆపెయ్. గొంతు ఒక్కటే ఉండాలి.

---

తణుకు నుంచి జెర్సీ · బుధవారం ఉదయం 10:15

తమ్ముడూ, పాట చదివి ఆఫీసు నుంచి తిరిగొచ్చే రైల్లో నా స్టేషన్ దాటిపోయాను. బాగుంది. కానీ ఒక విషయం ఆలోచించాలి. ఆవిడ మీ షాపుకు మళ్లీ వస్తారు. ఈ పాట ఎవరో ఫోన్లో ఆవిడకు వినిపిస్తారు. నువ్వు మొదట రాసిన వివరాలు చూసి అప్పు ఉన్నది ఎవరికో ఊళ్లో గుర్తుపట్టగలరు. బార్‌లో మందు పోసే మనిషిని పాటలో పెడితే అతనికి సరదాగా ఉండవచ్చు. అప్పు అలా కాదు. పాటలో పేరు లేదు, మంచిది. రెండో చరణం రాసేటప్పుడు లంక గ్రామం, చనిపోయిన భర్త, సైకిల్, ఇవన్నీ ఒకేచోట పెట్టకు.

---

ఇన్నీసుపేట కుర్రాడు · బుధవారం మధ్యాహ్నం 1:40

మంచి మాట చెప్పారు అన్నయ్యా. రెండో చరణంలో భర్త ప్రస్తావన తేను. చీరల బదులు లుంగీలు, టవళ్లు అని మార్చే ఆలోచన కూడా వచ్చింది కానీ నూలు చూసే ఆ చేయి పోతుంది. చీరే ఉంచుతాను. రెండో చరణం మూట మీదే నడుస్తుంది. గోకవరం బస్టాండు, ఆటో, ఆఖరి బస్సు.

మేడమ్ గారూ, కార్డ్స్ సంగతి చెప్పండి. నాకు సి మేజర్‌లోనే గొంతు కుదురుతుంది. ప్రస్తుతం సి, ఎఫ్, జి మాత్రమే వేస్తున్నాను. చర్చి పాటలా వస్తోంది, నేను విన్న పాటలా రావడం లేదు.

---

కాకినాడ కీబోర్డ్ మేడమ్ · బుధవారం రాత్రి 9:30

ఇప్పుడు అసలు పని. ఎడమ చేత్తో మొత్తం కార్డ్ పట్టుకోవద్దు. మూడో స్వరం, ఏడో స్వరం, ఈ రెండే పట్టుకో. డి మైనర్ సెవెన్‌కు ఎఫ్, సి. అక్కడినుంచి జి సెవెన్‌కు వెళ్లాలంటే ఎఫ్ కదలదు, సి అర మెట్టు దిగి బి అవుతుంది. తర్వాత సి మేజర్ సెవెన్‌కు బి కదలదు, ఎఫ్ అర మెట్టు దిగి ఇ అవుతుంది. చూశావా, ప్రతిసారీ ఒక వేలు అలాగే ఉంటుంది, ఒక వేలు అర మెట్టు జరుగుతుంది. జాజ్ పియానోలో ఆ మెత్తదనం చాలావరకు ఇక్కడే ఉంది. మా పిల్లలకు గ్రేడ్ పరీక్షల పాఠాల మధ్య ఇది చూపిస్తే మొహాలు వెలిగిపోతాయి. పరీక్షలో అడగరు కదా అని మాత్రం తల్లిదండ్రులు అంటారు. అడగకపోయినా నేర్పుతాను.

మొదటి మూడు లైన్లకూ ఈ వరసే తిప్పు. నాలుగో లైన్ చివర మాత్రం సి దగ్గరికి రావద్దు. 'గీత గీయలేదు' అంటున్నావు. లెక్క ముగియలేదు. నువ్వు సి మేజర్ వేస్తే పియానో గీత గీసేసినట్టే. జి సెవెన్ సస్ ఫోర్ దగ్గర ఆగిపో. జి, సి, డి, ఎఫ్. అక్కడే వదిలేసి, రెండో చరణం మళ్లీ డి మైనర్ సెవెన్‌తో ఎత్తుకో. సి మేజర్ ఈ పాట మొత్తంలో ఎక్కడ పూర్తిగా ఇవ్వాలో, అసలు ఇవ్వాలో వద్దో నీ ఇష్టం.

కీబోర్డ్ ఏది ఉంది నీ దగ్గర? 61 కీలదా? నొక్కే బలాన్ని బట్టి శబ్దం మారే టచ్ ఉందా? లేకపోతే ఈ పాట నీ చేతికి లొంగదు.

---

ఇన్నీసుపేట కుర్రాడు · బుధవారం రాత్రి 10:10

61 కీలదే అండి, టచ్ ఉంది. సెకండ్ హ్యాండ్‌లో ఒక పాత అసలు పియానో అమ్మకానికి ఉందని తెలిసింది. అప్పు చేసి తీసుకుందామా అని చూస్తున్నాను.

---

కాకినాడ కీబోర్డ్ మేడమ్ · బుధవారం రాత్రి 10:25

వద్దు బాబూ. దయచేసి వద్దు. అసలు పియానో లోపల రెండు వందలకు పైగా తీగలు, వాటి కింద పెద్ద చెక్క పలక. గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య స్థిరంగా ఉంటే అది సుఖంగా ఉంటుంది. మన డెల్టాలో అలాంటి గాలి ఎక్కడ? వానాకాలంలో చెక్క ఉబ్బి శ్రుతి పైకి పోతుంది, ఎండాకాలంలో కిందికి వస్తుంది. తీగలు తుప్పు పడతాయి, కీలు నొక్కితే పైకి లేవవు. శ్రుతి చేసే మనిషిని దూరం నుంచి పిలిపించుకోవాలి. ఏసీ గది లేకుండా పాత పియానో కొంటే దాని సేవకే నీ జీతం సరిపోతుంది. 88 కీలు, బరువున్న హ్యామర్ యాక్షన్ ఉన్న డిజిటల్ పియానో కోసం నెమ్మదిగా డబ్బు కూడబెట్టుకో. ఈలోగా ఉన్నదానితోనే ఒక సస్టెయిన్ పెడల్ కొను. వాయించనప్పుడు గుడ్డ కప్పు. కాకినాడ వస్తే మా ఇంట్లో 88 కీలది ఉంది, వచ్చి కూర్చుని వాయించుకో.

---

నిడదవోలు రేడియో · గురువారం ఉదయం 5:50

రెండో లైన్లో, 'నూలు చూసిందామె' అన్నచోట, సి మేజర్ సెవెన్ మీద కుడిచేత్తో ఒక్కసారి ఎఫ్ షార్ప్ తాకించు నాయనా. ప్రతి మధ్యమం. శంకరాభరణం రాగంలో, అంటే నీ సి మేజర్‌లో, నడుస్తున్న పాటలో ఒక్క క్షణం కళ్యాణి రాగం కనిపించి వెళ్లిపోతుంది. రాత్రి హార్మోనియం మీద వేసి చూశాను. ఆ చేయి మీద దీపం పడినట్టుంది.

---

పాలకొల్లు తెలుగు మాస్టారు · గురువారం ఉదయం 8:20

నాలుగో లైన్లో 'కింద గీత గీయలేదు' బాగా కుదిరింది. మొదటి లైన్ 'షట్టరు సగం దించాము' దగ్గర మాత్రం నాలుక తడబడుతోంది. 'సగం' తర్వాత చిన్న విరామం ఇస్తావా, లేక 'సగము దించాము' అంటావా? పాడి చూసుకో. కాగితం మీద తేలేది కాదు.

---

ఇన్నీసుపేట కుర్రాడు · గురువారం రాత్రి 11:15

మేడమ్ గారు చెప్పిన వేళ్లు రాత్రంతా వాయించాను. ఎఫ్ అలాగే ఉండి సి దిగి బి అవుతుంటే, నేను ఇన్నాళ్లూ విన్న పాటలు నా చేతికింద వినిపించాయి. ఎఫ్ షార్ప్ కూడా పెట్టాను రేడియో మాస్టారూ, ఇక తీయను. 'సగం' దగ్గర విరామం ఇచ్చాను. 'ఆయ్' దగ్గర చేతులు ఎత్తేశాను, గొంతు ఒక్కటే ఉంది.

రెండో చరణం మొదటి రెండు లైన్లు:

మూట భుజాన, ఆటో పక్కన, బేరం మళ్లీ మొదలైంది
గోకవరం బస్టాండులో ఆఖరి బస్సు అరుస్తోంది

ఫోన్లో రికార్డు చేద్దామంటే ఫ్యాను మోత, వీధిలో బళ్ల మోత అన్నీ పడుతున్నాయి. మంచి మైకు కొనేదాకా ఆగాలా?

---

కోనసీమ క్వాయర్ · శుక్రవారం ఉదయం 6:30

ఆగొద్దు. ఫ్యాను ఆపు, ఫోన్ కీబోర్డ్ స్పీకరుకు మరీ దగ్గరగా కాకుండా నీ నోటి ఎత్తులో పెట్టు, వెనక మడత పెట్టిన దుప్పట్లు వేలాడదీయి. బట్టల షాపువాడికి దుప్పట్లకు కొదవేముంది. వీధిలో బళ్ల మోత ఉండనివ్వు, పాట ఆ వీధిదే కదా. ఆడియో పెట్టాక టెనర్ లైన్ మా ఆటో డ్రైవరుతో పాడించి పంపుతాను. రెండో చరణంలో ఆటో అన్నది చూసి ఇప్పటికే అడుగుతున్నాడు.

---

భీమవరం డ్రమ్స్ · శుక్రవారం ఉదయం 7:05

టెంపో ఎంత పెట్టుకున్నావో చెప్పు. నిమిషానికి 84 దెబ్బలు దాటొద్దని నా సలహా. 'నూలు చూసిందామె' హడావిడిగా పోకూడదు. తాళం లెక్క చెప్పే క్లిక్ ట్రాక్ పెట్టుకుని పాడితే నేను బ్రష్షులు ఇక్కడినుంచే వాయించి పంపుతాను. నాలుగో లైన్ తర్వాత జి సెవెన్ సస్ ఎన్ని బార్లు (తాళం ఆవర్తాలు) నిలుపుతున్నావు, రెండా నాలుగా? అది తెలియాలి నాకు.

---

ఇన్నీసుపేట కుర్రాడు · శుక్రవారం ఉదయం 7:40

80 పెట్టానండి. నాలుగు బార్లు. రాత్రి షాపు కట్టాక పాడి పెడతాను.